మే నెలలో తూచిన మంచు బళ్ళు

1989 మే నెల. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మా వెయింగ్ మెషిన్ సెక్షన్ నిమ్‌పురా వైపు గోడకి ఆనుకుని ఉండేది. పొడుగాటి రేకుల షెడ్డు. గూడ్స్ షెడ్ల నుంచీ పార్సిల్ ఆఫీసుల నుంచీ రిపేరుకి వచ్చిన కాటాలు వరసగా పడి ఉండేవి. నడిమధ్యన మా సొంత కాటా. దాన్ని ప్లాట్‌ఫారం స్కేల్ అంటారు. నేలకి సమంగా ఒక ఇనప పలక, దాని కింద కంటికి కనబడని లీవర్లు, పక్కన స్తంభం మీద గీతలున్న దండె, దండె మీద జరిపే ఇత్తడి గుండు. పలక మీద బరువు పెట్టి గుండు జరుపుకుంటూ పోతే ఒకచోట దండె ఊగడం మాని సమంగా నిలబడుతుంది. ఆ అంకె బరువు. ఊగే దండె ముందు ఊపిరి బిగబట్టి నిలబడడమే నా ఉద్యోగం.

నా పేరు ఎస్తేరు. స్కేల్ ఫిట్టర్ని. రైల్వే మొత్తంలో ఆడ ఫిట్టర్ని నేనొక్కర్తినే అని గొప్పలు పోను, నాకు తెలీదు. మా షాపులో మాత్రం నేనొక్కర్తినే. మా నాన్న అదే షెడ్డులో అదే పని చేస్తూ సర్వీసులోనే పోయాడు. ఆయన ఉద్యోగం కింద నన్ను ఖలాసీగా, అంటే ఫిట్టర్లకి సాయం చేసే కూలీగా తీసుకున్నారు. తర్వాత ట్రేడ్ టెస్ట్ పాసయ్యి ఫిట్టరునయ్యాను. ఎప్పుడు తప్పటడుగు వేస్తానా అని చూసేవాళ్ళు కొందరుండేవారు. వాళ్ళకి ఆ సరదా తీరనివ్వకూడదని నేను పంతం పట్టాను.

నాన్న దగ్గర నేర్చుకున్న పని ఒకటుంది. కాటా మీదికి ఎక్కే ఏ వస్తువునైనా ముందు శుభ్రంగా తుడవాలి. తడి ఉంటే ఆరబెట్టాలి. "దుమ్ముక్కూడా బరువుంటాది గుంటా. అది సరుకుది కాదు," అనేవాడు. ఆయన భుజం మీద ఉండే గళ్ళ తువ్వాలు నా భుజం మీదికి వచ్చింది. నేను తుడవకుండా దేన్నీ తూచేదాన్ని కాదు. చెయ్యి దానంతటదే తువ్వాలు మీదికి పోయేది.

మా సెక్షన్‌లో ఇంకో ఆచారం కూడా ఉండేది. తూకం అయ్యాక సర్టిఫికెట్ రాసి సంతకం పెడతాం. అది తప్పని తేలితే ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, తలుపు పక్కనున్న మేకుకి గుచ్చుతారు. వచ్చేపోయే ప్రతివాడికీ కనబడుతుంది. నాన్న సర్వీసంతా కలిపి ఒక్క కాగితం కూడా ఆ మేకు ఎక్కలేదు. నాదీ అప్పటిదాకా ఎక్కలేదు.

ఆ నెలలో ఒక పొద్దున్న లారీ మీద రెండు పెద్ద చెక్క పెట్టెలు వచ్చాయి. వెంట ఇద్దరు మనుషులు. ఒకాయన మైతీ బాబు, ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పని చేసే బెంగాలీ పెద్దమనిషి. రెండో అతను పొట్టిగా, గట్టిగా, చెంపలు ఎండకి కమిలిన కొండమనిషి. పేరు పసాంగ్. సిక్కింలో ఎక్కడో మంచు దారి మీద ఉన్న చౌకీలో, అంటే కాపలా ఠాణాలో పని చేస్తాడట. మా ఊరి వడగాలికి అతను చెమటలో స్నానం చేస్తున్నట్టున్నాడు.

పెట్టెలు విప్పితే రంపపు పొట్టు లోంచి ఏదో చలి దేశపు చెక్క వాసన వచ్చింది. ఆ వాసన మా షెడ్డులోని గ్రీజు వాసనలో కాసేపు విడిగా నిలబడింది. పొట్టు తీస్తే ఒకదాంట్లో ఎర్ర బండి, ఒకదాంట్లో పసుపు బండి. ముందు రెండు పొడుగు పట్టీలు, వెనక వెడల్పాటి రబ్బరు బెల్టు, పైన మోటారు సైకిలు లాంటి సీటు.

మా సెక్షన్ మేస్త్రీ సూరిబాబు బాబాయ్ వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన నాన్నతో కలిసి పని చేసినవాడు. "ఇది బండేటి, పడవేటి? సక్రాలు ఎట్టడం మర్సిపోనారు గావాల," అన్నాడు.

"మంచు మీద నడిచే బండి," అన్నాడు మైతీ బాబు బెంగాలీలో. చలికాలం కొండదారి మూసుకుపోయాక చౌకీలకి మందులూ ఉత్తరాలూ వీటి మీదే వెళ్ళాలి. రెండు విదేశీ కంపెనీలు పోటీ పడుతున్నాయి. లాగే శక్తిలో రెండూ ఒకటేనని ల్యాబులో తేలింది. ఇక మిగిలింది బరువు. రెండింట్లో ఏది తేలికైతే దాన్నే కొంటారు. వాళ్ళ ల్యాబులో కాటా చిన్నది. అందుకని మా దగ్గరికి తెచ్చారు. మర్నాడు నాలుగు గంటలకి లారీ వచ్చి రెండింటినీ తీసుకుపోతుంది. ఆలోగా నా సంతకంతో సర్టిఫికెట్ కావాలి.

నేను పుట్టి బుద్ధెరిగాక మంచు చూడలేదు. గోల్‌బజార్ చేపల మార్కెట్‌లో పెట్టెల మీద పోసే ఐసు ముక్కలే నాకు తెలిసిన మంచు. అయినా ఆ బళ్ళని చూస్తుంటే కిటికీ అవతల యార్డులో వ్యాగన్లన్నీ తెల్లగా కప్పబడిపోయినట్టు అనిపించింది. ఆ తెలుపులో చప్పుడు లేకుండా ఎవరో పోతున్నట్టు కూడా. షంటింగ్ ఇంజను కూత వేసింది. నేను తువ్వాలు తీసుకున్నాను.

పని పద్ధతిగా చేశాను. ట్రయల్ కోసం పోసిన పెట్రోలు తీయించాను. ఇంజనాయిలు తీయించాను. ఎర్రదాంట్లో ఇంజను చల్లబరిచే నీళ్ళు, అదే కూలెంట్, దాన్నీ వంపించాను. పసుపుదానికి ఆ గొడవ లేదు, ఫ్యానుతో చల్లబడుతుంది. ఎర్రదాని బ్యాటరీ విడిగా డబ్బాలో వచ్చింది, దాన్ని ముట్టుకోలేదు. పసుపుదానికి బ్యాటరీయే లేదు, తాడు లాగితే స్టార్టవుతుంది. పట్టీల అడుగున, బెల్టు మడతల్లో అంటిన పొట్టు కూడా వేలికి గుడ్డ చుట్టి తీశాను. ముందుగా టెస్ట్ వెయిట్లు, అంటే సీలు వేసిన నమ్మకమైన బరువులు, పలక నాలుగు మూలల్లో పెట్టి కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను.

పసాంగ్ ఇదంతా పెట్టె మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు. "పెట్రోలు కూడా తీసేస్తారా దీదీ?"

అతనితో మా మాటలన్నీ హిందీలో సాగాయి, ఒక్క దాజూ అన్న పిలుపు తప్ప, అది నేపాలీలో అన్నయ్య. గుర్తున్నట్టుగా మన మాటల్లో రాస్తున్నాను. "పెట్రోలు బండి కాదు కదా దాజూ. బండిని తూసినప్పుడు బండినే తూస్తాం," అన్నాను. నాన్న గొంతు నా గొంతులో వినబడి లోలోపల మురిసిపోయాను కూడా.

ఎర్రది రెండు వందల పంతొమ్మిది కిలోలు. పసుపుది రెండు వందల ముప్ఫై ఒకటి. కంపెనీ పుస్తకాల్లో వేసిన అంకెలకి ఒక కిలో అటూ ఇటూ. మైతీ బాబు సంతోషించాడు. నేనూ సంతోషించాను. సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాను. ఎర్రది పన్నెండు కిలోలు తేలిక, ఎర్రదే గెలిచింది. కాపీలు మర్నాడు తీసుకుంటానని చెప్పి మైతీ బాబు భోజనానికి వెళ్ళాడు.

పసాంగ్ వెళ్ళలేదు. సూరిబాబు బాబాయ్ టీ తెప్పిస్తే తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "దీదీ, మీరు తూచింది ఎప్పుడూ బయటికి పోని బండిని."

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ మోకాళ్ళ మీద పాకి తుడిచిన బండి అది. "నా తూకంలో తప్పుందేటి?" అన్నాను.

"తూకంలో లేదు."

"మరేటంటావు? పుస్తకంలో ఉన్న అంకే నా కాటా సూపించింది. ఇద్దరం తప్పు సెప్తామా?"

అతను కోప్పడలేదు. లేచి ఎర్ర బండి వెనక్కి వెళ్ళి, వంగి, దాని వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "చౌకీకి ఇద్దరమే దీదీ. మెత్తటి మంచులో బండి నడుం దాకా కూరుకుపోతుంది. ఒకడు ముందు, ఒకడు ఇదిగో ఇలా వెనక. ఎత్తి పక్కకి వేస్తే ఇంటికి పోతాం. లేవకపోతే నడుస్తాం."

"నడిస్తే ఏటవుతాది?"

"పోయిన చలికాలం పాత బండి లేవలేదు. ట్యాంకు నిండా పెట్రోలుంది, అడుగున మంచు పట్టేసింది. నేను బండి దగ్గరున్నాను, నా జోడీ నోర్బూ సాయానికి నడిచాడు. దొరికాడు. ఇప్పుడు అతని కుడికాలికి వేళ్ళు లేవు, చలికి చచ్చుబడి పోయాయి, చౌకీలో వంట చేస్తున్నాడు." కమ్మీ వదిలి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఈ చలికాలం నుంచి వెనక పట్టుకునేది మా తమ్ముడు. వాడికి పందొమ్మిదేళ్ళు."

కోపం మాత్రం పోలేదు. అది అతని మీదో నా మీదో తెలియక ఇంకా ఎక్కువైంది. చివరికి ఏదో ఒకటి అడగాలని, "మంచు ఎంత బరువుంటాది?" అన్నాను.

అతను ఆలోచించాడు. "పడుతున్నప్పుడు ఏమీ ఉండదు. భుజం మీద వాలినా తెలియదు. బండి అడుగున చేరాక తెలుస్తుంది," అన్నాడు.

ఆ సాయంత్రం తాల్‌బగీచాలో మా ఇంటి అరుగు మీద కూర్చుని కరెంటు కోసం చూస్తూ అదే మాట తలచుకున్నాను. పడుతున్నప్పుడు బరువు లేనిది, చేరాక బరువెక్కేది. నా కాటా మీద అలాంటి వస్తువు ఎప్పుడూ ఎక్కలేదు. కళ్ళు మూసుకుంటే మా వీధి, ఎదురింటి సైకిలు, తాటి కమ్మల మీద ఆరేసిన బట్టలు, అన్నిటి మీదా మెల్లగా తెలుపు దిగింది. వీధి చివర ఎవరో పందొమ్మిదేళ్ళవాడు వంగి ఏదో ఎత్తుతున్నాడు. లేవడం లేదు. నేను అక్కడే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. వడగాలి మొహానికి కొడితే కళ్ళు తెరిచాను.

మర్నాడు సైరను మోగేసరికే షెడ్డులో ఉన్నాను. రిజిస్టరులోంచి నా సర్టిఫికెట్ తీసి, సూరిబాబు బాబాయ్ బల్ల మీది ఎర్ర పెన్సిలు అందుకున్నాను.

"ఏటి సేస్తన్నావమ్మా?" అన్నాడు బాబాయ్.

"కొట్టేస్తన్నాను. మళ్ళీ తూస్తాను."

"ఎస్తేరూ. మీ నాన్న కాయితం ఒక్కటంటే ఒక్కటి ఆ మేకెక్కలేదు."

"ఎక్కలేదు బాబాయ్. నాన్న తూసినవి పార్సిళ్ళు. దించేసి ఇంటికి పోతారు. వీటిని మంచులో ఇద్దరు మనుషులు ఎత్తాల."

ఆయన నా మొహం చూసి పక్కకి జరిగాడు. నేనే కాగితం మీద అడ్డంగా గీత గీసి, నేనే వెళ్ళి మేకుకి గుచ్చాను. అప్పటికే ఇద్దరు ఫిట్టర్లు తలుపు దగ్గర చేరి చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. సిగ్గుపడ్డాను, దాచను. నాన్న ఫోటో ముందు నిలబడ్డట్టే ఉంది.

మైతీ బాబు వచ్చాక సంగతి చెప్పాను. ఆయన ముందు బిత్తరపోయాడు. "కంపెనీ వాళ్ళు డ్రై వెయిట్ రాస్తారు దీదీ. అది రివాజు," అన్నాడు. డ్రై వెయిట్ అంటే చుక్క పెట్రోలు, చుక్క ఆయిలు లేకుండా తూచిన బరువు.

"డ్రై వెయిట్ మీద ఎవలు కూకోని పోతారు బాబూ?" అన్నాను. ఆయన పసాంగ్ వైపు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తర్వాత డబ్బాలు తెప్పించడానికి తనే బయల్దేరాడు.

ట్యాంకులు నిండా పోశాం. ఎర్రదాని ట్యాంకు పెద్దది. కూలెంట్ పోశాం, డబ్బాలోంచి బ్యాటరీ తీసి బిగించాం. రెండింటికీ ఆయిలు పోశాం. పసాంగ్ తను రోజూ పెట్టుకునే తాడూ పారా రెండింటి మీదా ఒకేలా కట్టి చూపించాడు. దండె ఊగి ఊగి నిలబడింది. తాడూ పారాతో సహా ఎర్రది రెండు వందల అరవై అయిదు, పసుపుది రెండు వందల యాభై ఆరు. నేను తుడవలేదు. మైతీ బాబు అంకెలు రెండుసార్లు చదివాడు.

"ఇంకా మంచు ఉంది," అన్నాడు పసాంగ్.

మే నెలలో ఖరగ్‌పూర్‌లో మంచు ఎక్కడిది? సూరిబాబు బాబాయ్ లేచి బయటికి వెళ్ళాడు. గంట తర్వాత చేపల మార్కెట్ వెనక ఐసు ఫ్యాక్టరీ నుంచి ట్రాలీ రిక్షా తొక్కించుకుని వచ్చాడు. గోనెసంచులు కప్పిన ఐసు దిమ్మలు. సంచి ఎత్తగానే తెల్లటి పొగ లేచింది. షెడ్డులో సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లేత్ దగ్గరివాళ్ళు, కమ్మరి షాపువాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన ఐసు ముక్క తీసుకుని మెడ వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

దిమ్మల్ని సుత్తులతో పొడి చేశాం. "ఇది మీ మంచు కాదు దాజూ. ఐసు," అన్నాను, ముందే చెప్పడం మంచిదని.

"కాదు," అన్నాడు. "కానీ ఏ బండి పట్టుకుంటుందో, ఏది వదిలేస్తుందో చెబుతుంది."

రెండింటికీ కొలిచి ఆరేసి బుట్టలు. అతను వంగి, చేత్తో విసిరి విసిరి, అడుగున మంచు ఎక్కడెక్కడ చేరుతుందో అక్కడికే కొట్టాడు. బెల్టు మీద, సీటు కింది గుహలాంటి ఖాళీలో, కాళ్ళు పెట్టుకునే పలకల మీద. విసురుతున్నంతసేపూ అతని మొహం మారిపోయింది. మా రేకుల షెడ్డులో ఉన్నాడు గానీ మా షెడ్డులో లేడు. ఐసు పొడి ఎగిరి నా చేతుల మీద, రెప్పల మీద పడింది. అతను చెప్పినట్టే, పడుతున్నప్పుడు బరువేమీ తెలియలేదు. ఆ పొగలో, ఆ చల్లదనంలో, నేను కూడా ఒక క్షణం ఎక్కడున్నానో మర్చిపోయాను. ఇప్పటికీ అదే నా మంచు.

తర్వాత ఇద్దరు మనుషులు బండిని అటూ ఇటూ ఒకేలా పదిసార్లు ఊపారు. పసుపుదాని పలకల నిండా చిల్లులున్నాయి, బెల్టు చుట్టూ ఖాళీ ఉంది. ఐసు జలజలా రాలిపోయింది. ఎర్రదాని అడుగు మూసుకున్న గిన్నెలా ఉంది. చాలామట్టుకు లోపలే కూరుకుంది.

ఇక తూకం. నా సర్వీసులో అంత కష్టమైన తూకం లేదు. దండె నిలబడదు. ఐసు కరుగుతోంది, బొట్లు పడుతున్నాయి, అంకె నా కళ్ళ ముందే జారిపోతోంది. నిలబడేదాకా ఆగడం నాకు అలవాటు. ఇక్కడ ఆగితే తూచాల్సింది పోతుంది. పలక మీదికి కారిన నీళ్ళని మాత్రం బాబాయ్ చేత తుడిపించాను, అవి బండివి కావు. గుండు జరిపి, దండె సమానంగా దాటిపోయే క్షణాన్ని పట్టుకుని అంకె కేక వేశాను, మైతీ బాబు రాసుకున్నాడు. మూడుసార్లు ఐసు వేసి మూడుసార్లు తూచాం. మూడోసారికి పసాంగ్ చేతులు ఎర్రబడిపోయాయి. సగటున ఎర్రది రెండు వందల తొంభై రెండు, పసుపుది రెండు వందల అరవై ఏడు.

పన్నెండు కిలోలు తేలికైన బండి, పాతిక కిలోలు బరువైన బండయ్యింది.

అంకెలతో పని తీరలేదని పసాంగ్ అనుకున్నాడేమో, మూడో తూకం అయిన వెంటనే సూరిబాబు బాబాయ్‌ని ముందు నిలబెట్టి, తను వెనక పట్టుకుని, "ఉఠావ్," అన్నాడు. ఎర్రదాని ముందు భాగం లేచింది, వెనక భాగం కదల్లేదు. పసుపుది లేచింది. కష్టం మీదే, జానెడే, అయినా లేచి పక్కకి పడింది. బాబాయ్ ఆయాసపడుతూ కింద కూర్చుండిపోయాడు. "మా వొయిసులో కాదు గానీ, కుర్రోడైతే ఎత్తుతాడు," అన్నాడు.

కొత్త సర్టిఫికెట్‌లో మూడు వరసలు రాశాను. పొడిగా, నిండుగా, ఐసుతో. కింద, ఇది ఐసు ఫ్యాక్టరీ ఐసు, కొండ మంచు కాదు అని కూడా రాశాను. మైతీ బాబు దాన్ని అందుకుని మడవకుండా అట్టల మధ్య పెట్టుకున్నాడు. నాలుగింటికి లారీ వచ్చింది. పసాంగ్ ఎక్కేముందు నాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. "సల్లగా ఉండు దాజూ," అన్నాను. అతను నవ్వాడు. షెడ్డులో నేల అంతా తడి. అయిదు నిమిషాల్లో ఆరిపోయింది.

ఏ బండి కొన్నారో మాకు ఎవరూ చెప్పలేదు. మా పని తూచడం, ఆ తర్వాతి కబుర్లు మా దాకా రావు. మేకు మీది కాగితం మాత్రం ఉండిపోయింది. దుమ్ము పట్టి, ఎర్ర గీత గులాబీ రంగుకి తిరిగింది. పనిలో చేరిన కొత్తవాళ్ళు అది ఎవరిదని అడిగేవారు. నాదేనని చెప్పి వాళ్ళకి తువ్వాలు ఇచ్చేదాన్ని. "తూసే ముందు తుడువు. తుడిసే ముందు, దీన్ని ఎవలు ఎత్తుతారో అడుగు," అనేదాన్ని. నాన్న నేర్పినదానికి నేను కలిపింది అదొక్కటే. దానికి నాకు ఒక కాగితం ఖర్చయింది.

1993 చలికాలం చివర్లో పార్సిల్ ఆఫీసు నుంచి నా పేరు మీద ఒక డబ్బా వచ్చింది. పాలపొడి డబ్బా, మూత చుట్టూ లక్క పోసి ఉంది. పక్కన హిందీలో ఉత్తరం. నాలుగు చలికాలాలుగా పసుపు బండే నడుస్తోందని రాశాడు పసాంగ్. ఎన్నిసార్లు కూరుకుపోయిందో లెక్క పెట్టలేదట. నడవాల్సిన పని మాత్రం ఒక్కసారీ పడలేదట. "మంచు బరువెంత అని అడిగారు. ఈ డబ్బా మూత దాకా మంచు నొక్కి పంపిస్తున్నాను. మీకు చేరేసరికి ఏమవుతుందో తెలుసు. అయినా తూచండి."

ఊపితే అడుగున నీళ్ళ చప్పుడు. డబ్బాకి చౌకీ పొయ్యి మసి అంటి ఉంది, లక్కలో ఏదో జంతువు వెంట్రుక ఇరుక్కుని ఉంది. చిన్న కాటా మీద పెట్టబోతూ, చెయ్యి భుజం మీది తువ్వాలు దాకా వెళ్ళింది. ఆగింది. మసీ లక్కా వెంట్రుకా అన్నిటితోనూ అలాగే తూచి, నా నోటుబుక్కులో అంకె రాసుకున్నాను. పక్కన ఏం తూచానో రాయాల్సిన చోట "మంచు" అని రాశాను.

ఉత్తరం మడవబోతే కింద, పసాంగ్ సంతకం తర్వాత, వేరే చేతిరాతలో ఒక వాక్యం కనబడింది. అక్షరాలు పెద్దవి, వంకరగా ఉన్నాయి.

"దీదీ, వెనక ఎత్తేది నేనే."